నడిమి కాలంలో ఓరుగల్లు

పరకాలలో పుట్టి పెరిగి, ఇల్లు మారకుండా అక్కడే ఉంటున్న మనిషి ఐదేళ్లలో మూడు జిల్లాలు చూశాడు. 2016 అక్టోబర్ 11 దాకా ఆయనది వరంగల్ జిల్లా. ఆ రోజు నుంచి వరంగల్ రూరల్. 2021 ఆగస్టులో రూరల్ అన్న పేరే పోయి, పరకాల హన్మకొండ జిల్లాలో కలిసింది. ఖిలా వరంగల్ మట్టికోట లోపల ఉన్నవాళ్లూ ఇట్లాగే తిరిగారు: మొదట వరంగల్, తర్వాత వరంగల్ అర్బన్, మళ్లీ వరంగల్. హన్మకొండలో ఒకే ఇంటి ముందు ఏపీ 36 నంబరుతో తండ్రి స్కూటరు, టీఎస్ 03తో పెద్దకొడుకు బండి, టీజీ 03తో చిన్నకొడుకు బండి నిలబడి ఉండవచ్చు. మీసేవలో కుల ధ్రువపత్రానికి దరఖాస్తు నింపే పిల్లవాడు జిల్లా అన్న గడి దగ్గర ఆగి వెనక్కి తిరుగుతాడు. "బాపూ, మనదిప్పుడు ఏ జిల్లా?" ఆధార్‌లో ఒక పేరు, పట్టా పాస్‌బుక్‌లో ఒక పేరు, బడి ఇచ్చిన బోనఫైడ్‌లో ఇంకో పేరు. మూడూ నిజమే, మూడూ ప్రభుత్వం ఇచ్చినవే. అయినా ఏదో ఒక కౌంటర్ దగ్గర అవి సరిపోలడం లేదని తిప్పి పంపుతారు.

కొత్త జిల్లాల వల్ల మేలు జరగలేదని అనలేం. ఏటూరునాగారం, మంగపేట వాళ్లు కలెక్టర్‌ను కలవాలంటే ఒకప్పుడు హన్మకొండ దాకా రావాలి. 2019 ఫిబ్రవరిలో ములుగు జిల్లా అయ్యాక ఆ దూరం తగ్గింది. అడవి పల్లెలకు అది చిన్న విషయం కాదు. కానీ వరంగల్, హన్మకొండ, కాజీపేట అనే మూడు ఊళ్లు కలిసిన ఒకే నగరాన్ని రెండు జిల్లాలుగా చీల్చడంలో ఏ దూరం తగ్గిందో ఎవరూ చెప్పలేరు. కార్పొరేషన్ ఒకటే, కలెక్టర్లు ఇద్దరు. పోచమ్మమైదాన్‌లో ఉన్నవాళ్లకు, హన్మకొండ చౌరస్తాలో ఉన్నవాళ్లకు నల్లా నీళ్లు ఇచ్చే ఆఫీసు ఒకటి, రేషన్ కార్డు ఇచ్చే ఆఫీసులు రెండు. పేరు మార్చడానికి ఒక ఉత్తర్వు చాలింది. ఆ పేరు కాగితాలన్నిటి మీదికీ ఎక్కించుకునే పని మాత్రం ఎవరి ఖర్చుతో వాళ్లకే మిగిలింది.

వరంగల్ వాసుల రోజువారీ చిరాకులను ఒక్కొక్కటిగా చూస్తే ఒకదానికొకటి సంబంధం లేనట్టే ఉంటాయి. వాన పడితే మునిగే కాలనీ, నిన్న వేసి ఇవాళ తవ్వే రోడ్డు, సర్పంచ్ పోయి కార్పొరేటర్ దొరకని ఊరు, రాని కోచ్ ఫ్యాక్టరీ, ఎగరని విమానం. దగ్గరికి పోయి చూస్తే వీటన్నిటి కింద ఒకే తీరు ఉంది. పాతదాన్ని తీసేస్తారు. దాని బదులు ఇంకొకటి వస్తుందంటారు. తీసేయడం ఒక పూటలో అయిపోతుంది. రావడానికి ఐదేళ్లో, పదిహేనేళ్లో, ఒక్కోసారి నలభై ఏళ్లో పడుతుంది. ఆ నడిమి కాలానికి ఏర్పాటు చేయడం ఎవరి పనీ కాదు. అది ఏ పథకంలోనూ ఒక పద్దుగా ఉండదు. స్థానికులు బతుకుతున్నది మాత్రం ఆ కాలంలోనే.

సెంట్రల్ జైలు సంగతి చూడండి. నిజాం కాలం నాటి ఆ జైలును 2021లో కూల్చి, ఆ జాగలో 24 అంతస్తుల ఆసుపత్రికి అదే ఏడాది జూన్ 21న శంకుస్థాపన చేశారు. ఉత్తర తెలంగాణ నలుమూలల నుంచి రోగులు ఎంజీఎం ఆసుపత్రికే వస్తారు కాబట్టి ఇంకో పెద్ద ఆసుపత్రి అవసరం గురించి ఇక్కడ రెండో మాట లేదు. అయితే జైలు కూల్చేనాటికి దాని బదులు ఇంకో జైలు సిద్ధంగా లేదు. ఖైదీలను చర్లపల్లి వంటి వేరే జైళ్లకు పంపారు. ములాఖత్ కోసం ఊళ్ల నుంచి పొద్దున్నే బస్సెక్కి, మధ్యాహ్నానికి చూసి, పొద్దుగూకే లోపు ఇల్లు చేరే తల్లులు, భార్యలు ఒక్కసారిగా నూటయాభై కిలోమీటర్ల ప్రయాణంలో పడ్డారు. ఆసుపత్రి గురించి జరిగిన చర్చలో వాళ్ల ప్రస్తావన రాలేదు.

ఈ తీరు అన్నిటికంటే లోతుగా కనిపించేది నీళ్ల దగ్గర. అందుకే నీళ్ల గురించి కొంచెం వివరంగా చెప్పుకోవాలి.

కాకతీయులు రాజధాని కట్టుకున్న చోట పెద్ద నది లేదు. గోదావరి దూరం. ఉన్నవి రాతిగుట్టలు, నేల వాలు, వాన. ఆ మూడింటితోనే వాళ్లు బతుకు ఏర్పాటు చేసుకున్నారు. పాఖాల, రామప్ప, లక్నవరం చెరువులు ఆ కాలానివే. పెద్ద చెరువుల పేర్లే అందరికీ గుర్తుంటాయి గానీ అసలు తెలివి చిన్న చెరువుల గొలుసులో ఉంది. పై చెరువు నిండి మత్తడి దూకితే ఆ నీళ్లు వాగులో పడి కింది చెరువుకు పోతాయి. అది నిండితే ఇంకో దానికి. ఏ ఒక్క చెరువూ వాన మొత్తాన్ని మోయనక్కర లేదు. ఏ తూము ఎప్పుడు తెరవాలో, ఏ కాలువ ఎక్కడ పూడిందో నీరటికాడికి తెలుసు. ఆ పనికి ఊరు అతనికి గింజలు కొలిచేది. వరంగల్ నగరం ఈ గొలుసు మీద కూర్చుని ఉంది. వడ్డేపల్లి, భద్రకాళి చెరువులు ఇప్పుడు నగరం నడిమధ్య ఉన్నాయి. కరీంనగర్ దగ్గరి లోయర్ మానేరు డ్యామ్ నుంచి కాకతీయ కాలువలో వచ్చే నీళ్లు నింపుకుని నల్లాల దాహం తీర్చేవీ అవే.

చెరువు కింద పొలాలు ప్లాట్లయ్యాక తూముతో పని పోయింది. తూముతో పని పోయాక కాలువ ఎవరికీ అక్కరలేనిదైంది. దాని మీద ముందు ఒక ప్రహరీ గోడ, తర్వాత ఒక షెడ్డు, ఆ తర్వాత ఒక వెంచర్. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఏడాదిలో ఎనిమిది నెలలు నాలాలో నీళ్లుండవు. ఎండాకాలంలో చూస్తే అది అచ్చంగా ఖాళీ జాగలాగే కనిపిస్తుంది. కూతురి పెళ్లికి ముందో, రిటైర్ అయ్యాకో వచ్చిన డబ్బుతో ప్లాట్ కొనే మనిషి దాన్ని చూసేది ఏప్రిల్, మే నెలల్లోనే. అతనికి రాళ్లు పాతిన ప్లాటు, ముప్పై అడుగుల రోడ్డు కనిపిస్తాయి. మత్తడి నీళ్లు పోయే తొవ్వ కనిపించదు. చెప్పాల్సిన నీరటికాడు లేడు.

కాగితం మీద లెక్క స్పష్టంగానే ఉంది. 2012 నాటి భవన నియమాల ప్రకారం పది హెక్టార్లకు మించిన చెరువైతే పూర్తి నీటిమట్టం హద్దు నుంచి 30 మీటర్లు వదలాలి, చిన్న చెరువైతే 9 మీటర్లు. పది మీటర్లకు మించి వెడల్పున్న నాలాకు 9 మీటర్లు, అంతకు తక్కువైతే 2 మీటర్లు. కానీ ఆ హద్దు తేల్చే పని నీటిపారుదల శాఖది, చెరువు లోపలి శిఖం భూమి కొలిచే పని రెవెన్యూది, ఇంటికి అనుమతి ఇచ్చేది కార్పొరేషన్, కట్ట మీద పూలమొక్కలు నాటేది కాకతీయ అర్బన్ డెవలప్‌మెంట్ అథారిటీ. ఇందరి నడుమ ప్లాటు రిజిస్ట్రేషన్ అవుతుంది, ఇంటి నంబరు వస్తుంది, కరెంటు మీటరు బిగుస్తుంది, ఇంటి పన్ను రశీదు చేతికందుతుంది. ఇరవై ఏళ్ల తర్వాత ఒకరోజు, ఇది నాలా జాగ, ఖాళీ చేయమని నోటీసు వస్తుంది. ఆక్రమణదారు అన్న మాట ఆ ఇంటి యజమానికి తగులుతుందే తప్ప రశీదు ఇచ్చిన ఏ ఆఫీసుకూ తగలదు. రాజకీయ అండతో తెలిసే నాలా మింగినవాళ్లు ఉన్నారు, వాళ్ల మీద దయ చూపనక్కర లేదు. కానీ తెలియక కొన్న చిరుద్యోగినీ, ఆటో నడిపే మనిషినీ వాళ్లతో ఒకే గాటన కట్టడం న్యాయం కాదు.

2020 ఆగస్టులో నగరం మునిగింది. 2023 జులైలో మళ్లీ మునిగింది. ఆ జులై వాన మామూలుది కాదన్నది నిజం. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 649.8 మిల్లీమీటర్లు కురిసింది, రాష్ట్రంలో అంతకుముందు అంత వాన నమోదు కాలేదు. భూపాలపల్లి దగ్గర మోరంచపల్లి ఊరు ఊరంతా నీళ్లలో చిక్కుకుంది. ఇక్కడ నగరంలో భద్రకాళి చెరువు కట్టకు గండి పడింది. అంత వానకు ఏ నగరమైనా తట్టుకోవడం కష్టమే. కానీ హంటర్ రోడ్డు, ఎన్టీఆర్ నగర్, సంతోషిమాత కాలనీ, బృందావన్ కాలనీ మునగడానికి అంత వాన అక్కరలేదు. ఆ కాలనీల పక్కన పారే బొందివాగు ఇరుకైన చోట నీళ్లు వెనక్కి తన్నడానికి ఒక రాత్రి గట్టి వాన చాలు. 2025 అక్టోబర్ చివర మొంథా తుఫాను వచ్చినప్పుడు జనం మళ్లీ పడవల్లో బయటికి రావలసి వచ్చింది. ఆ కాలనీల వాళ్లు కోస్తా వాళ్లు కారు. సముద్రానికి రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో, చెరువుల ఊళ్లో ఉంటూ తుఫాను పేర్లు నేర్చుకున్నారు.

నయీంనగర్ నాలా దగ్గర జరిగిన పని వేరే రకంగా ఉంది, అది కూడా చెప్పాలి. వడ్డేపల్లి, గోపాలపురం వైపు నుంచి వచ్చే నీళ్లన్నీ సమ్మయ్యనగర్ మీదుగా ఆ వంతెన కిందికే చేరతాయి. 2024లో పాత వంతెన తీసేసి, నాలాను వెడల్పు చేసి, రెండు పక్కలా గోడలు లేపి కొత్త వంతెన వేశారు. కరీంనగర్ తొవ్వ మూసినన్నాళ్లు గల్లీల్లోంచి బస్సులు, లారీలు తిరిగాయి. దుకాణాల వాళ్ల బేరాలు పడిపోయాయి. గొణుక్కున్నారు గానీ ఓర్చుకున్నారు. పని కళ్ల ముందు కదులుతోంది, ఎక్కడిదాకా వచ్చిందో పొద్దునా మాపూ కనిపిస్తోంది. ఓరుగల్లు జనానికి ఓపిక లేదన్న మాట తప్పు. ఎన్నాళ్లు ఓర్చుకోవాలో తెలిస్తే చాలా ఓర్చుకుంటారు.

రోడ్లు, మోరీల సంగతిలో ఆ తెలివిడి లేదు. 2015లో వారసత్వ నగరాల పథకం హృదయ్‌లో వరంగల్‌కు చోటు దొరికింది. 2016 మే నెలలో స్మార్ట్ సిటీ జాబితాలోకి ఎక్కింది. నగరాల నీళ్లు, మురుగు పనులకు కేంద్రం పెట్టిన అమృత్ పథకమూ వచ్చింది. ఆ డబ్బుతో సిమెంటు రోడ్లు, ఫుట్‌పాత్‌లు, కూడళ్ల సుందరీకరణ, చెరువు కట్టల మీద నడకదారులు వచ్చాయి. భద్రకాళి బండ్ మీద సాయంత్రం పూట కుటుంబాలు కూర్చోవడం ఇవాళ నగరంలో కనిపించే మంచి దృశ్యాల్లో ఒకటి. స్మార్ట్ సిటీ మిషన్ గడువు 2025 మార్చి 31తో ముగిసింది. ఇన్నేళ్లూ నగరానికి పూర్తి భూగర్భ డ్రైనేజీ లేదు. ఇళ్ల మురుగు సెప్టిక్ ట్యాంకుల్లోంచి మోరీల్లోకి, మోరీల్లోంచి నాలాల్లోకి, అక్కడినుంచి చెరువుల్లోకి పోతూ వచ్చింది. భూగర్భ డ్రైనేజీకి 4,170 కోట్ల రూపాయల పథకం మంజూరైంది 2024 నవంబర్‌లో.

వరుస చూడండి. పైన సిమెంటు ముందు పడింది, కింద పైపు తర్వాత వస్తోంది. అంటే వేసిన రోడ్డునే మళ్లీ కోయాలి. ఇల్లు కట్టే ఏ మేస్త్రీ అయినా నీళ్ల పైపు, మురుగు పైపు వేశాకే బండలు పరుస్తాడు. నగరం దగ్గరికి వచ్చేసరికి ఆ వరుస ఎందుకు తిరగబడుతుందంటే ప్రతి పథకానికీ వేరే డబ్బు, వేరే గడువు, వేరే గుత్తేదారు. ఈ ఆర్థిక సంవత్సరంలో ఖర్చు పెట్టకపోతే నిధులు వెనక్కి పోతాయి కాబట్టి చేతిలో ఉన్న పని ముందు చేస్తారు. 1970ల తొలినాళ్లలో వేసిన మాస్టర్ ప్లాన్ తర్వాత, 2041 వరకు ఉద్దేశించిన కొత్త ప్లాన్‌కు ఆమోదం దొరికింది 2024లో. నడుమ యాభై ఏళ్లు ఈ నగరం పథకం వెంట పథకంగా పెరిగింది తప్ప ఒక పటం వెంట పెరగలేదు. ఆ 2024 నవంబర్‌లోనే పూడిక తీయడానికి భద్రకాళి చెరువు నీళ్లు వదిలేశారు. పూడిక తీయాల్సిందే, గుర్రపుడెక్క అంత పేరుకుపోయింది. కానీ మురుగు ఆపే పైపులు పడకముందే తీసిన పూడిక మళ్లీ ఎన్నాళ్లకు నిండుతుందన్న ప్రశ్న చెరువు చుట్టూ ఉన్నవాళ్లు అప్పుడే అడిగారు. అది అడగాల్సిన ప్రశ్నే.

నగరం అంచుల్లోకి పోతే నడిమి కాలం ఇంకా గట్టిగా తగులుతుంది. 2013లో చుట్టుపక్కల 42 గ్రామాలను కార్పొరేషన్‌లో కలిపారు. 2015లో గ్రేటర్ వరంగల్ అన్న పేరు పెట్టారు. విస్తీర్ణం దాదాపు 407 చదరపు కిలోమీటర్లకు పెరిగింది. మడికొండ, మామునూరు, హసన్‌పర్తి, పైడిపల్లి వంటి ఊళ్లు ఒక్క ఉత్తర్వుతో నగరమయ్యాయి. అంతకుముందు బోరింగ్ చెడిపోతే సర్పంచ్ ఇంటి ముందు నిలబడేవాళ్లు. కాగితం కావాలంటే పంచాయతీ కారోబార్ ఏ చెట్టు కింద దొరుకుతాడో తెలుసు. ఇప్పుడు మొత్తం నగరానికి 66 డివిజన్లు. రెండు మూడు ఊళ్లకు కలిపి ఒక కార్పొరేటర్. ఫిర్యాదుకు ఒక యాప్ ఉంటుంది. నంబరు వస్తుంది, పని కాకుండానే అయిపోయిందని మెసేజ్ వచ్చిన సందర్భాలూ ఉంటాయి.

నగరంలో కలిసిన ఊరికి ఉపాధి హామీ పని ఉండదు. అది గ్రామీణ పథకం, చట్టం ప్రకారం పట్టణానికి వర్తించదు. కలిసిన మర్నాడు పొలాలేమీ మాయం కాలేదు, కూలీలు ఎక్కడికీ పోలేదు. నిన్నటి దాకా చెరువు పూడిక తీసి కూలి తీసుకున్న ఆడవాళ్లే ఇవాళ నగరవాసులయ్యారు కాబట్టి ఆ పని పోయింది. నగరంలో వాళ్ల కోసం వేరే పని పుట్టలేదు. ఇంటి పన్ను మాత్రం పెరిగింది. ఊరి పన్ను కట్టే ఇంటికి నగరం పన్ను వచ్చింది, గల్లీలో మాత్రం ఊరి మోరీనే మిగిలింది. విలీనం మంచిదా చెడ్డదా అన్న వాదన కంటే ఈ అంతరం ముఖ్యం. హక్కు పోయిన రోజే పన్ను మొదలైంది, సేవ మాత్రం వాయిదా పడింది. పదేళ్ల వెసులుబాటు పెట్టి, సేవలు అందిన మేరకే పన్ను పెంచి, అప్పటిదాకా ఉపాధి పనిని కొనసాగిస్తే ఏ కార్పొరేషనూ దివాలా తీసేది కాదు.

అదే అంచుల్లో ప్లాట్ల గోస ఒకటి. పంచాయతీ లేఅవుట్లలో కొన్నవాళ్లు 2020లో క్రమబద్ధీకరణ కోసం వెయ్యి రూపాయలు కట్టి దరఖాస్తు పెట్టుకున్నారు. కోర్టు కేసులతో ఆ ఫైళ్లు నాలుగేళ్లకు పైగా కదల్లేదు. 2025లో ఇరవై ఐదు శాతం రాయితీ ఇచ్చి మళ్లీ తెరిచారు. ఈలోగా ఇల్లు కట్టుకోలేరు, అమ్ముకోలేరు, బ్యాంకు అప్పు పుట్టదు. కిరాయి ఇంట్లో ఉంటూ సొంత జాగలో తుమ్మచెట్లు పెరగడం చూస్తూ గడిపారు. పొలాలున్నవాళ్లకు భూ రికార్డుల పోర్టల్ ధరణి ఇంకో తిప్పలు. 2020 అక్టోబర్‌లో వచ్చిన ఆ పోర్టల్‌లో సర్వే నంబరులో ఒక మూల వివాదం ఉంటే నంబరు మొత్తం నిషేధిత జాబితాలో పడింది. సరిచేసే అధికారం మొదట్లో తహసీల్దార్‌కు లేదు. 2025 ఏప్రిల్‌లో దాని బదులు భూభారతి వచ్చింది. పోర్టల్ పేరు మారినంత సులువుగా పడిన తప్పులు మారవు, ప్రతి తప్పుకూ మళ్లీ ఒక దరఖాస్తు కావాలి.

రాంపూర్, మడికొండ మధ్య నగరం చెత్తంతా పోసే డంపింగ్ యార్డు ఉంది. చెత్త అంటుకుంటే పొగ ఆ ఊళ్ల మీదికే వస్తుంది. నగరం పేరు వాళ్లకిచ్చి, నగరం చెత్త కూడా వాళ్లకే ఇచ్చారని ఆ ఊళ్లవాళ్లు అంటారు. కాదనలేం.

కోతుల గురించి చెప్పకపోతే ఇక్కడి రోజు పూర్తి కాదు. గుట్టలు గ్రానైటుకు పోయాయి, సడక్ వెడల్పుకు రెండు పక్కలా ఉన్న చింతచెట్లు, మర్రిచెట్లు పోయాయి. వాటి మీద బతికిన కోతులు ఇళ్ల మీదికి వచ్చాయి. వరండాలకు ఇనుప జాలీలు, పెరట్లో మొక్కలకు వలలు, బడి పిల్లల చేతిలో కట్టెలు. పల్లెల్లో కూరగాయలు, మక్కజొన్న మానేసిన రైతులు ఎంతమందో. నాటిన కొత్త చెట్లలో పండ్లు కాసేవి తక్కువ. కాసేవి ఎదగడానికి పదేళ్లు.

తిరుగుడు సంగతి. హన్మకొండ చౌరస్తా నుంచి వరంగల్ స్టేషన్‌కు ఆరేడు కిలోమీటర్లు. ఇంత దగ్గరి ఊళ్ల మధ్య మనుషుల్ని మోసేది ఎక్కువగా ఆటోలే. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితమైంది. బట్టల దుకాణంలో పనిచేసే అమ్మాయికి నెలకు మిగిలే డబ్బు చిన్నది కాదు. ఆసుపత్రికి ఒంటరిగా పోగలిగిన ముసలమ్మకు అది స్వేచ్ఛ. బస్సులు అదే లెక్కలో పెరగలేదు కాబట్టి పొద్దున ఎనిమిదింటికి ఫుట్‌బోర్డు మీద నిలబడాల్సి వస్తోంది. షేర్ ఆటో నడిపేవాళ్ల బేరం దెబ్బతిన్నది, అప్పు మీద కొన్న బండి కిస్తీ మాత్రం తగ్గలేదు. వరంగల్ పాత బస్టాండ్ కూల్చి కొత్తది కడుతున్న కాలమంతా ప్రయాణికులకు ఎండైనా వానైనా రోడ్డు పక్కనే. కాజీపేట ఫాతిమానగర్ వంతెన మీద ఒక లారీ ఆగితే హైదరాబాద్ తొవ్వ, హన్మకొండ తొవ్వ రెండూ ఆగిపోతాయి. పక్కనే సమాంతర వంతెన పనులు ఏళ్ల తరబడి సాగాయి. మిర్చి సీజన్‌లో ఎనుమాముల మార్కెట్ వైపు పోయే తొవ్వ బస్తాలతో నిండిన ట్రాలీలతో కదలదు. ఆ రద్దీ మీద ఎవరికీ కోపం లేదు, అది ఊరి బతుకు.

నలభై ఏళ్ల నడిమి కాలం కాజీపేటది. కోచ్ ఫ్యాక్టరీ మాట 1980ల తొలినాళ్లది. అది పంజాబ్‌లోని కపూర్తలాకు పోయింది. 2014 విభజన చట్టంలో తెలంగాణలో కోచ్ ఫ్యాక్టరీ సాధ్యాసాధ్యాలు చూడాలని రాశారు. 2023 జులై 8న ప్రధాని రైల్వే తయారీ యూనిట్‌కు శంకుస్థాపన చేశారు. మొదటి మాట విన్నప్పుడు ఐటీఐ చదువుతున్న కుర్రవాళ్లు ఈపాటికి రిటైరయ్యే వయసు దాటారు.

వరంగల్‌కు ఆజంజాహి బట్టల మిల్లు ఉండేది. 1934లో నిజాం కాలంలో వచ్చింది. దాని సైరన్‌తో ఊరు లేచేది, దాని కూలితో శివనగర్, కాశిబుగ్గ, గిర్మాజీపేట బతికేవి. నష్టాల పేరుతో 2000ల తొలి ఏళ్లకల్లా పూర్తిగా మూతపడింది. భూములు అమ్ముడుపోయాయి. మిల్లు మూతపడటం, మగ్గాలు ఆగిపోవడంతో నేత కుటుంబాలు సూరత్, భివండీ, షోలాపూర్ దారి పట్టాయి. ఆ పిల్లలు అక్కడే గుజరాతీ, మరాఠీ బడుల్లో చదివారు. 2017 అక్టోబర్ 22న గీసుగొండ, సంగెం మండలాల్లో కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు శంకుస్థాపన జరిగింది. వలస పోయినవాళ్లను వెనక్కి రప్పిస్తామన్నది అప్పుడు చెప్పిన ఉద్దేశం. పార్కు కోసం శాయంపేట, చింతలపల్లి రైతులు వెయ్యి ఎకరాలకు పైగా ఇచ్చారు. పరిశ్రమలు వచ్చాయి, ఇంకా వస్తున్నాయి. కానీ పదిహేనేళ్లలో సూరత్‌లో ఇల్లు కట్టుకున్న నేతగాడు వెనక్కి రాడు. భూమి ఇచ్చిన రైతు కొడుకు అడిగే ఉద్యోగం, యంత్రం అడిగే నైపుణ్యం ఒకటి కాదు. మిల్లు నడిచే కాలంలోనే పార్కు వచ్చి ఉంటే తండ్రి దగ్గర పని నేర్చుకున్న కొడుకు ఊళ్లోనే ఉండేవాడు. నడిమి కాలం మింగింది ఆ చేతి పనిని.

మామునూరు విమానాశ్రయం కూడా అంతే. 1930లో కట్టారు, 1980ల తొలినాళ్లకు విమానాలు ఆగిపోయాయి. 2025 ఫిబ్రవరి చివర మళ్లీ అనుమతి వచ్చింది. ఉన్న భూమికి తోడు ఇంకో 253 ఎకరాలు కావాలన్నారు. గుంటూరుపల్లి, గాడెపల్లి, నక్కలపల్లి రైతులు భూమి ఇవ్వమని అనలేదు, ధర చెప్పమన్నారు. తమ ఊళ్లకు పోయే తొవ్వ మూతపడితే బదులు తొవ్వ ఏదని అడిగారు. విమానాశ్రయం మాట పుట్టగానే చుట్టూ భూమి ధర లేచింది. ప్రభుత్వ రికార్డులో ధర లేవలేదు. ఇక్కడ ఎకరం ఇచ్చిన డబ్బుతో పక్కూళ్లో అరెకరం రాదు. రైతులు అడ్డుపడుతున్నారని రాసేవాళ్లు ఈ లెక్క కూడా రాయాలి.

ఇన్నిటిలో స్థానికులు అడుగుతున్నది మరీ కష్టమైనదేం కాదు. తీసేముందు చెప్పమంటున్నారు. కొత్తది వచ్చేదాకా ఏం చేయాలో చెప్పమంటున్నారు. భూగర్భ డ్రైనేజీ తవ్వకాలకు ఏ గల్లీ ఏ నెలలో వంతు, ఎన్ని రోజులు, అంబులెన్స్ ఎటునుంచి వస్తుంది, గుంత పూడ్చకపోతే ఎవరికి ఫోన్ చేయాలి: ఇవి ఆ గల్లీ మలుపులో బోర్డు మీద తెలుగులో రాసి పెడితే సగం తిప్పలు తగ్గుతాయి. బొందివాగు వెడల్పు చేసేటప్పుడు రశీదులున్న చిన్న ఇళ్లకు బదులు జాగ ముందే చూపించాలి. జిల్లా మార్చినప్పుడు పాత పేరున్న కాగితం ఫలానా ఏడాది దాకా చెల్లుతుందని ప్రతి కౌంటర్ మీద అంటించాలి. వీటికి కొత్త పథకం అక్కరలేదు.

జూన్ రాగానే ఎన్టీఆర్ నగర్, సంతోషిమాత కాలనీ ఇళ్లలో ఏటా జరిగే పని మొదలవుతుంది. ఫ్రిజ్ కాళ్ల కింద ఇటుకలు పెడతారు. బియ్యం సంచులు సజ్జ మీదికి ఎక్కిస్తారు. బండిని మిట్ట మీద ఉన్న చుట్టాల ఇంటి దగ్గర పెట్టి వస్తారు. ఇంటి దస్తావేజులు, పిల్లల సర్టిఫికెట్లు ప్లాస్టిక్ కవర్లో చుట్టి, రబ్బరు బ్యాండు వేసి, అన్నిటికంటే పైన పెడతారు. ఆ కవర్లో ఉన్న కాగితాల మీద జిల్లా పేరు వరంగల్ అర్బన్ అని ఉంటుంది.